ఓరిన్ ట్వెట్‌కి మిగిలిన మాట

ఓరిన్ ట్వెట్ రోజూ పొద్దున్నే పనిలోకి దిగే ముందు మోకాళ్ళు వంచి కూర్చుని, తన పేరు రాసిన అయస్కాంతం బిళ్ళని బోర్డు అట్టడుగు వరుసలో 'రిజెంట్‌ఫుల్' అనే మాట పక్కన అంటించేవాడు. ఎవరో తనకి అన్యాయం చేశారని లోలోపల అక్కసు పెట్టుకున్నాడని దానర్థం. అంటించి, గోడ పట్టుకుని లేచి, కాఫీ పోసుకుని, ఎదురైన ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పలకరించి, వెళ్ళి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేవాడు.

ఓరిన్‌కి ఎవరి మీదా అక్కసు లేదు. అరవై దాటాడు. ఆరడుగుల పైన పొడవు, అందుకు తగినన్ని మాటలు మాత్రం లేవు. మా వెస్టర్‌డాల్ చీజ్ ఫ్యాక్టరీ శీతల గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడపడం తప్ప లోకంలో ఇంకేదైనా అతనికి కావాలని ఎవరికీ అనిపించలేదు. చీజ్ దిమ్మలు పేర్చిన ప్యాలెట్‌ని పై అరలోంచి తీసి, పక్కన అరచెయ్యి మాత్రమే దూరేంత సందులోంచి బండిని వెనక్కి నడిపి, సిమెంటు నేల మీద చప్పుడు కాకుండా దించేవాడు. చప్పుడు కాకపోతే ఏమొస్తుందని అడిగితే చెప్పలేడు. చప్పుడైతే మాత్రం ఆ పూటంతా ముఖం చిన్నబుచ్చుకుని తిరిగేవాడు. సీటు మీద భార్య లవాన్ అల్లిన ఉన్ని దిండు ఉండేది. అతను సెలవులో ఉన్నప్పుడు ఇంకెవరైనా బండి నడపాల్సివస్తే ఆ దిండు తీసి పక్కన పెట్టి ఎక్కాలని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు.

మా వైపు మనసు సంగతి చెప్పుకోవడానికి తరతరాలుగా నాలుగు మాటలు సరిపోయాయి. 'ఫైన్' అంటే బాగానే ఉంది, ఇక అడక్కు అని. 'నాట్ టూ బ్యాడ్' అంటే సంతోషం. కూతురి పెళ్ళికీ, మొక్కజొన్న విరగపండినందుకూ, గుండె ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిచినందుకూ అదే మాట. 'కుడ్ బి వర్స్' అంటే దుఃఖం. గొడ్ల సావిడి కాలిపోయినప్పుడు వాడతారు. నాలుగోది 'డిఫరెంట్'. అన్నిటికన్నా పెద్ద మాట ఇదే. కొత్తగా వచ్చిన పాస్టర్ గారి భార్య చర్చి విందుకి ఏదో వండి పట్టుకొస్తే, ఒకావిడ రుచి చూసి "డిఫరెంట్‌గా ఉంది" అంది. పాస్టర్ గారి భార్య మళ్ళీ చర్చి వంటింట్లో అడుగుపెట్టలేదు.

ఈ నాలుగూ చాలవని నగరంలో ఉన్న హెడ్డాఫీసుకి తోచడానికి కారణం డ్వైట్ ఓస్బీ. అతను ఫోర్‌మన్. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం భోజనం డబ్బా మూతపెట్టి, కారెక్కి, అరిజోనా వెళ్ళిపోయాడు. ఇక్కడ ఫ్యాక్టరీ తొట్టెల్లో పాలు తోడుకుంటూనే ఉన్నాయి. ఆ పొద్దున ఎలా ఉన్నావని అడిగిన వాళ్ళందరికీ 'ఫైన్' అనే చెప్పాడు. ఆ ఏడు చలి మరీ ఎక్కువైందని, ఎండకాసే అరిజోనాలో చెల్లెలున్నవాడు వెళ్ళడంలో వింతేముందని ఊరు సరిపెట్టుకుంది. హెడ్డాఫీసు సరిపెట్టుకోలేదు. వెస్టర్‌డాల్ మనుషులు మనసులో మాట చెప్పుకోలేకపోతున్నారని, మాటలు చేతికిస్తే చెప్పుకుంటారని తేల్చింది. మాటలు పంపింది.

అవి ఒక బోర్డు రూపంలో వచ్చాయి. తెచ్చింది ఉద్యోగుల బాగోగులు చూసే విభాగం నుంచి బ్రియానా కోల్టన్ అనే అమ్మాయి. మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. కాఫీ గదిలో, కాఫీ యంత్రం పక్క గోడకి బోర్డు బిగించారు. ఇంగ్లీషులో మనసు గురించి అన్ని మాటలున్నాయని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నది ఆ భాషే అయినా. పై వరుసల్లో తృప్తి, ఆశ, ప్రశాంతత, ఉత్సాహం, కృతజ్ఞత. మధ్యలో గాభరా, చిరాకు, బెంగ, ఒంటరితనం. కింద ఈర్ష్య, అక్కసు, అసహ్యం, వణుకు. ఇంకా బోలెడు. ఒక్కోదానికీ ఒక్కో రంగు. నడిమధ్యన పెద్ద అక్షరాలతో 'ఫైన్'. పొద్దున్నే ఎవరి బిళ్ళ వాళ్ళు, తమకి నిజంగా ఎలా ఉందో ఆ మాట పక్కన పెట్టాలి, సాయంత్రం తీసేయాలి. రోజుకో మాట మారొచ్చు, మారితేనే మంచిది, మనసంటే వాతావరణంలాంటిది అని బ్రియానా చెప్పింది. వాతావరణం మాట ఎత్తేసరికి అందరికీ హుషారొచ్చి కాసేపు మంచు గురించి మాట్లాడుకున్నారు.

మర్నాడు పొద్దున బిళ్ళలన్నీ 'ఫైన్' చుట్టూ ఈగల్లా మూగాయి. వారం గడిచినా అంతే. చోటు చాలక కొన్ని బిళ్ళలు వేరేవాటి మీదెక్కాయి. షిఫ్ట్ సూపర్‌వైజర్ డెనీస్ రూడ్ రోజూ బోర్డుని ఫోన్‌తో ఫొటో తీసి హెడ్డాఫీసుకి పంపాలి. పంపింది. ఆ ఫొటోలు చూసుకుని బ్రియానా మళ్ళీ మూడు గంటలు నడుపుకుంటూ వచ్చి, చాకుతో 'ఫైన్'ని గీకి తీసేసింది.

ఓరిన్ ఆ రోజు లేడు. లవాన్‌కి కంటిలో శుక్లం ఆపరేషన్ ఉంటే ఫార్గోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తర్వాత అతనికి జరిగిందంతా ఆ ఒక్క సెలవు వల్లే.

ఆ పొద్దున కాఫీ గదిలో ముందు ఎవరూ కదల్లేదట. మీరు కానివ్వండంటే, అబ్బే తొందరేముంది, మీరే కానివ్వండని ఒకరినొకరు ముందుకి నెట్టుకున్నారు. మా ఊళ్ళో పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క ఎవరూ తీసుకోరు. సగానికి కోసి సగం తింటారు, తర్వాతవాళ్ళు ఆ సగాన్ని సగం చేస్తారు, చివరికి గోరంత ముక్క మిగిలి అక్కడే ఎండిపోతుంది. అలాంటి చోట తృప్తి అనే మాటని ముందుగా ఎవరు తీసుకుంటారు? ప్యాకింగ్ లైనుకి పెద్ద ఆర్డిస్ క్వామెన్ తీసుకుంది. కాఫీ యంత్రానికి దగ్గరగా ఉన్న మాట అదే. కప్పు నింపుకుంటూ ఎడమచేత్తో అంటించేసింది. మైలో సేథర్‌కి మోకాళ్ళ నొప్పులు. వంగక్కర్లేని వరుసలో చేతికందిన ఆశ పక్కన పెట్టాడు. డెనీస్ తలుపు దగ్గరున్న కృతజ్ఞత తీసుకుంది. మిగతావాళ్ళు నిలబడ్డ చోటునుంచి చెయ్యి ఎక్కడిదాకా చేరితే అక్కడ. ఒకరు పెట్టిన మాట పక్కన ఇంకొకరు పెట్టలేదు. మర్నాడు అందరూ వచ్చి, నిన్న పెట్టిన చోటే పెట్టారు.

చర్చిలో బల్లలకి పేర్లు రాసి ఉండవు. అయినా ఎడమవైపు నాలుగో బల్ల క్వామెన్ల వాళ్ళది. ఎండాకాలం వాళ్ళు సరస్సు ఒడ్డుకి వెళ్ళిపోయి చర్చికి రాకపోయినా ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. తెలియక ఎవరైనా కొత్తవాళ్ళు కూర్చుంటే లేవమని అనరు. చూసి నవ్వుతారు. ఆ నవ్వుకి వాళ్ళే లేస్తారు. బోర్డు కూడా రెండు రోజుల్లో అలాగే కుదురుకుంది. తృప్తి ఆర్డిస్‌ది, ఆశ మైలోది. కొన్నాళ్ళకి హెడ్డాఫీసు నుంచి ఒక సర్టిఫికెట్ వచ్చింది. మొత్తం కంపెనీలో మనోభావాలు ఇంత నిలకడగా ఉన్న ఫ్యాక్టరీ ఇంకొకటి లేదని.

ఫార్గో నుంచి తిరిగొచ్చిన ఓరిన్ చేతిలో బిళ్ళతో బోర్డు ముందు నిలబడ్డాడు. కింది వరుసలో మూడు మాటలు మిగిలాయి. అక్కసు, అసహ్యం, వణుకు. అసహ్యమని పెడితే చీజ్ గురించి అనుకుంటారేమోనని సందేహం. శీతల గిడ్డంగిలో పనిచేసేవాడు వణుకని పెడితే ఫిర్యాదు చేసినట్టుంటుంది. ఉన్న పొడవంతా మడిచి కూర్చుని, ఇక మిగిలిన అక్కసు పక్కన పెట్టాడు.

ఫ్యాక్టరీలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ బిళ్ళ అక్కడుండటం వల్ల వాళ్ళకి తెలిసింది ఒక్కటే, మాటలు పంచుకున్న రోజు ఓరిన్ సెలవులో ఉన్నాడని.

ఫ్యాక్టరీ బయట మాత్రం ఆ మాటకి దాని అర్థమే ఉంది. చర్చి కింద గదిలో ఆడవాళ్ళు కూర్చుని బొంతలు కుట్టేటప్పుడు లవాన్ చెవిన పడింది. మీ ఆయన మనసులో ఏదో అక్కసుందట, రోజూ గోడ మీద పెడుతున్నాడట అని. ఎప్పటినుంచి అని అడిగితే, నీ కంటి ఆపరేషన్ మర్నాటి నుంచి అన్నారు. లవాన్ ఇంటికొచ్చి, మొగుడికిష్టమైన కూర, మాంసం మీద బంగాళదుంప ఉండలు పరిచి ఓవెన్‌లో పెట్టేది, చేసి ఎదురుగా కూర్చుంది.

"పని ఎలా ఉంది?" అంది.

"ఫైన్."

"ఆ మాట తీసేశారటగా."

ఓరిన్ కాసేపు నమిలాడు. "ఇంట్లో తియ్యలేదుగా," అన్నాడు.

ఆవిడ ఇంకో గరిటెడు వడ్డించింది. నమ్మిందని కాదు, ఆ పూటకి వదిలేసిందని.

హెడ్డాఫీసులో సర్టిఫికెట్లు ఇచ్చే విభాగం వేరు, ఫొటోలు లెక్కబెట్టే విభాగం వేరు. ఏడాది తిరిగేసరికి ఆ రెండో విభాగం ఒక విషయం కనిపెట్టింది. ఒక మనిషి ఒక్కరోజు కూడా విరామం లేకుండా ఏడాది పొడుగునా అక్కసుతో ఉన్నాడు. కంపెనీలో ఇలాంటిది ఇంకెక్కడా లేదు. పైగా ఆ మనిషి టన్నుల బరువున్న బండి మీద కూర్చుని తోటివాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. బ్రియానా మళ్ళీ కారెక్కింది. ఈసారి దారంతా మంచు తుఫాను.

డెనీస్‌కి ఉన్న చిన్న గదిలో ఓరిన్‌ని కూర్చోబెట్టి, బ్రియానా మొదట థాంక్స్ చెప్పింది. బోర్డుని ఇంత నిజాయితీగా వాడింది మీరొక్కరే అంది. ఓరిన్ అదేం పెద్ద విషయం కాదన్నాడు. తర్వాత ఆ అక్కసు ఎవరి మీదో చెప్పగలరా అని మెల్లగా అడిగింది.

ఓరిన్ చెప్పాల్సింది ఒక్క ముక్క. నేనొచ్చేసరికి అదే మిగిలిందని. కానీ అలా అంటే ఆర్డిస్‌ది తృప్తి కాదని, మైలో ఆశంతా మోకాళ్ళలో ఉందని, కలిసి కాఫీ తాగేవాళ్ళందరి మీదా చాడీ చెప్పినట్టవుతుంది. అది నోటికి రాదు. పోనీ ఎవరి మీదా లేదందామంటే, తుఫానులో పడి అంతదూరం వచ్చిన పిల్లని ఉత్తచేతులతో పంపినట్టవుతుంది. గడప తొక్కినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టాలి. ఓరిన్ తలంతా వెతికాడు.

"మా బావమరిది వెర్లిన్ ఉన్నాడమ్మా," అన్నాడు చివరికి. "మంచుకి కన్నం వేసే నా డ్రిల్లు పట్టుకెళ్ళాడు, గడ్డకట్టిన సరస్సులో చేపలకి. తిరిగిచ్చేసరికి బ్లేడు మొద్దుబారిపోయింది."

"అప్పుడు మీకెలా అనిపించింది?"

"మొద్దుబారిందనిపించింది."

"అది కాదు, లోపల?"

"లోపల కూడా."

బ్రియానా కలం పట్టుకుంది. ఇది ఎప్పటి మాట అని అడిగింది. పదకొండేళ్ళయిందన్నాడు. పదకొండేళ్ళుగా మోస్తున్నారా అంది. ఆ తర్వాతి వారమే పదును పెట్టించానని ఓరిన్ చెప్పబోయాడు గానీ, అప్పటికే ఆ పిల్ల రాసుకుంటోంది. రాసుకునేవాళ్ళకి అడ్డుపడటం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఫలితం వారంలో తెలిసింది. ఆ అక్కసు కరిగేదాకా, అంటే బిళ్ళ అక్కణ్ణుంచి కదిలేదాకా, ఓరిన్ బండి ఎక్కకూడదు. ఇది శిక్ష కాదని, మీమీద శ్రద్ధ అని ఉత్తర్వులో రాశారు. అతన్ని ప్యాకింగ్ లైనులో అట్టపెట్టెలు మడవడానికి వేశారు. బండి మైలోకి ఇచ్చారు. నెలాఖరులోగా మార్పు లేకపోతే ఈ ఏర్పాటే ఖాయం.

ఓరిన్ దిండుని భోజనం సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. లవాన్ దాన్ని చూసింది. ఉతికి ఆరేసింది.

మైలో మంచివాడే. కానీ ప్యాలెట్‌ని దించడం రాదు, పడేస్తాడు. గిడ్డంగికీ ప్యాకింగ్ లైనుకీ మధ్య ఒక్క గోడే. అవతల దబ్బుమన్నప్పుడల్లా ఇవతల ఓరిన్ చేతిలో అట్ట ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ మడిచేవాడు. బిళ్ళ మాత్రం కదల్చలేదు. ఎక్కడికి కదులుస్తాడు? ఖాళీగా ఉన్నవి అసహ్యం, వణుకు. మిగతా అన్నిటిలో మనుషులున్నారు. వెళ్ళి ఆర్డిస్ పక్కన పెట్టడమంటే, ఆదివారం పూట క్వామెన్ల బల్ల మీద ఎక్కి కూర్చోవడమే. చిత్రమేమంటే, ఏడాదంతా ఉత్తినే పెట్టిన మాట ఇప్పుడిప్పుడే అతనికి సరిపోవడం మొదలుపెట్టింది.

నెల చివరి వారం, కాఫీ విరామంలో, ఆర్డిస్ అతని పక్కన వచ్చి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా కూర్చునే చోటే అది. గోడ అవతల మైలో ఇంకా పనిలోనే ఉన్నాడు.

"పెట్టెలు మడుస్తున్నావటగా," అంది. రోజంతా ఆవిడ కళ్ళముందే మడుస్తున్నాడు.

"మడుస్తున్నా."

"ఎలా ఉంది?"

ఓరిన్ కప్పుని బల్ల మీద కొంచెం అటు తిప్పాడు, కొంచెం ఇటు తిప్పాడు. గోడ అవతల ఇంకో ప్యాలెట్ దబ్బుమంది.

"డిఫరెంట్‌గా ఉంది," అన్నాడు.

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. డెనీస్ ఫోన్లోకి చూసుకుంది. ఎవరో లేచి వెళ్ళి కిటికీలోంచి మంచు ఎంత పడిందో చూశారు. ఆ మనిషి నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. వాళ్ళ నాన్న ట్రాక్టరు కిందపడి పోయినప్పుడు కూడా 'కుడ్ బి వర్స్' అన్నవాడు.

మర్నాడు పొద్దున ఓరిన్ బిళ్ళ పట్టుకుని వంగబోయేసరికి, అట్టడుగు వరుసలో అక్కసు పక్కన ఆర్డిస్ బిళ్ళ ఉంది. పైన తృప్తి ఖాళీ. ఆర్డిస్ పక్కనే నిలబడి కప్పు నింపుకుంటోంది.

"ఆర్డిస్, నీ బిళ్ళ జారినట్టుంది," అన్నాడు.

"జారలేదు. పై వరుస అందుకోవాలంటే భుజం లాగుతోంది. అది నువ్వు తీసుకో."

"అబ్బెబ్బే, అది నీ చోటు."

"సరేలే," అని వెళ్ళిపోయింది.

మా దగ్గర ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి మాత్రం, నీకు ఇబ్బంది లేకపోతేనే అని తీసుకోవచ్చు. టీ బిస్కెట్ల విషయంలో ఈ తతంగమంతా నిమిషంలో అయిపోతుంది. ఇది బిస్కెట్ కాదు కాబట్టి ఇద్దరూ రోజుకొక్కసారి చొప్పున కానిచ్చారు. ఆ రెండు రోజులూ ఓరిన్ తన బిళ్ళని బోర్డు చట్రం మీద, ఏ మాటకీ తగలకుండా అంటించాడు. ఫొటో చూసిన హెడ్డాఫీసు హడలిపోయి డెనీస్‌కి ఫోన్ చేసింది. మనిషి మనోభావాల పరిధి దాటిపోయాడు, కనిపెట్టి ఉండండి అని. డెనీస్ వెళ్ళి కనిపెట్టింది. ఓరిన్ పెట్టెలు మడుస్తున్నాడు.

మూడో రోజు నెలాఖరు. ఆర్డిస్ అందరూ వినేలా అంది. "మూడోసారి చెబుతున్నా ఓరిన్. నాలుగోసారి చెప్పను."

"సరే. నీకు ఇబ్బంది లేకపోతేనే," అన్నాడు ఓరిన్. ఏడాది తర్వాత మొదటిసారి వంగకుండా బిళ్ళ పెట్టాడు.

హెడ్డాఫీసులో పండగ. పదకొండేళ్ళ అక్కసు నెల తిరక్కుండా తృప్తిగా మారిందని, డ్రిల్లుతో సహా కంపెనీ పత్రికలో వేశారు. పేరు వెయ్యలేదు గానీ వెర్లిన్ చదివి గుర్తుపట్టి, కొత్త బ్లేడు కొని వాకిట్లో పెట్టిపోయాడు. సోమవారం ఓరిన్ ఉతికిన దిండు పట్టుకుని గిడ్డంగిలోకి వెళ్ళాడు. గోడ అవతల చప్పుళ్ళు ఆగిపోయాయి. మైలో మోకాళ్ళతో సహా అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు.

ఫొటోలు లెక్కబెట్టే విభాగం ఊరుకుంటుందా? ఏడాదంతా తృప్తిగా ఉన్న మనిషి ఒక్కసారిగా అడుగుకి జారి, అక్కడే ఉండిపోయింది. మళ్ళీ బ్రియానా, మళ్ళీ డెనీస్ గది. ఆ గది గోడ పల్చన. అందుకే ఇది ఊరందరికీ తెలుసు.

"ఎవరి మీద, ఆర్డిస్?" అని అడిగింది బ్రియానా.

ఆర్డిస్ ఓరిన్‌లాగా వెతుక్కోలేదు.

"ఓరిన్ ట్వెట్ మీద," అంది.

ముప్ఫై రెండేళ్ళ క్రితం ఫోర్క్‌లిఫ్ట్ నడిపే చోటు ఖాళీ అయినప్పుడు మొదట అడిగింది తనే. వాళ్ళ నాన్నది ధాన్యం గోదాము. పదహారో ఏటే అక్కడ బండి నడిపింది. ఆడవాళ్ళకి ఆ చలి పడదని అప్పటి మేనేజరు నవ్వాడు. తర్వాతి నెలలో కొత్తగా చేరిన ఓరిన్‌కి ఇచ్చాడు. ఓరిన్ అప్పటిదాకా బండి ఎక్కి ఎరగడు. ఇదంతా ఆర్డిస్ బంగాళదుంపల ధర చెప్పినట్టు చెప్పిందని డెనీస్ అంటుంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని బ్రియానా అడిగింది.

"ఎవరూ అడగలేదమ్మాయ్. నువ్వడిగావు, చెప్పాను."

బిళ్ళ కిందికి దించిన రోజే ఆర్డిస్ ఇదంతా ఆలోచించిందా, లేక ఓరిన్ కోసమే చేసి తర్వాత నోరు జారిందా అని ఊరు రెండుగా చీలి ఇప్పటికీ వాదించుకుంటోంది. ఆమెని అడిగితే భుజం నొప్పంటుంది.

ఆ కాగితం హెడ్డాఫీసులో బాగోగుల విభాగం నుంచి లాయర్ల బల్ల మీదికి వెళ్ళింది. మేనేజరు పోయి చాలాకాలమైనా, ఆడవాళ్ళకి చలి పడదన్న మాట లాయర్లకి ఇంకా వేడిగానే అనిపించింది. ఓరిన్ డ్రిల్లుకి నెల పట్టిన కంపెనీ దీన్ని నాలుగు రోజుల్లో తేల్చింది. ఆర్డిస్ శిక్షణ తీసుకుని లైసెన్సు పరీక్ష రాయాలి. నెగ్గితే పొద్దుటి పూట బండి ఆమెది, మధ్యాహ్నం ఓరిన్‌ది. పొద్దుటి పూట ఓరిన్ పెట్టెలు మడుస్తాడు. శిక్షణ ఇచ్చే అర్హత ఉన్నవాడు ఫ్యాక్టరీలో ఒక్కడే, ఓరిన్.

మొదటిరోజు ఇద్దరూ గిడ్డంగిలో బండి పక్కన నిలబడ్డారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"కాఫీకి రోజూ నా పక్కనే కూర్చునేదానివి," అన్నాడు ఓరిన్.

"కాఫీ మీద నాకేం కోపం లేదు."

"ముందే చెప్పుంటే."

"చెబితే ఏం చేసేవాడివి?"

ఓరిన్ నిజంగానే ఆలోచించాడు. "తెలీదు," అన్నాడు. తర్వాత సీటు మీద నుంచి దిండు తీసి చంకలో పెట్టుకుని, పక్కకి జరిగాడు.

ఆర్డిస్ ఎక్కి కూర్చుని ఇబ్బందిగా కదిలింది. "ఇంత గట్టి సీటు మీద ఎలా కూర్చున్నావయ్యా ఇన్నేళ్ళూ? ఆ దిండు ఇలా ఇయ్యి."

"లవాన్‌ని ఇంకోటి అల్లమంటా," అన్నాడు ఓరిన్, చంకలోది వదలకుండా.

ఆ సాయంత్రం లవాన్‌ని అడిగాడు. ఎవరికని ఆవిడ అడిగింది. ఓరిన్ మొత్తం చెప్పాడు. బోర్డు, కింది వరుస, ఫార్గో వెళ్ళిన రోజు, అన్నీ. వాళ్ళ పెళ్ళయ్యాక అంత పొడుగు మాట అతను మాట్లాడలేదట. లవాన్ విని, ఏ రంగు అల్లమంటావని అడిగింది.

శిక్షణ ముగిసే ముందు బ్రియానా ఫోన్ చేసింది. న్యాయం జరిగింది కాబట్టి ఆర్డిస్ ఇప్పుడు బిళ్ళని వేరే మాటకి మార్చుకోవచ్చేమో అని.

"ఎక్కడికమ్మాయ్? అన్నిట్లోనూ మనుషులున్నారు," అంది ఆర్డిస్.

ఓరిన్ నోటికి రాని మాట అదే. బ్రియానా, చాలా లోతైన మాటన్నారు, రాసుకోవచ్చా అని అడిగింది. ఆర్డిస్ రాసుకోమంది. బిళ్ళ అక్కడే ఉంది.

ఆర్డిస్ ఒంటరిగా బండి ఎక్కిన మొదటి పొద్దున, ఓరిన్ గోడ ఇవతల పెట్టెలు మడుస్తున్నాడు. మొదటి ప్యాలెట్ దబ్బుమంది. ఓరిన్ చేతిలో అట్ట ఆగింది. రెండోది కొంచెం మెల్లగా దిగింది. మూడోదానికి చాలాసేపు చెవి రిక్కించి కూర్చున్నాడు. ఏమీ వినపడలేదు. ఇంకా దించలేదేమోనని తలుపు సందులోంచి చూశాడు. దించేసి, నాలుగోదానికి వెళుతోంది.

లైసెన్సు పరీక్ష ఫలితాలు కాఫీ గదిలో అంటిస్తారు. ఆర్డిస్‌కి నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ కాగితం పక్కన ముప్ఫై రెండేళ్ళుగా పసుపెక్కిపోయి ఓరిన్ కాగితం ఉంది. ఎనభై ఎనిమిది.